గ్యాస్ మాత్రల డబ్బా

అప్పట్లో భయంతో వచ్చే గుండెదడకు డాక్టరు రాసిన మందును గ్యాస్ మాత్రల డబ్బాలో దాచేదాన్ని. ఇంట్లో ఎవరడిగినా గ్యాస్ అనే చెప్పేదాన్ని. కాస్త నెమ్మదించాక, ఇక బాగైందిలే అని నా అంతట నేనే మానేశాను.

ఆ వారమే గద్వాల నుంచి వెళ్తున్న బస్సులో, కృష్ణ వంతెన మీద నాకు ఊపిరాడలేదు. చేతులు చల్లబడ్డాయి. పక్క సీటులో ఎవరో పెద్దమ్మ సంచి విప్పి చుట్టుపక్కల వాళ్లకు ఆకువక్క పంచుతోంది. ఆకుల అడుగున నేను మానేసిన మాత్రల షీటే కనిపించింది.

"పెద్దమ్మా, గా గోలీ ఒకటియ్యవా" అన్నాను.

ఆమె సంచి మూతి బిగించింది. "ఆకు అడుగు, ఇస్త. గోలీ ఇయ్య. నాకు రాసింది నీకు పడ్తదో లేదో తెల్వదు. నీవి ఏమైనయి బిడ్డా?"

"బందు పెట్టిన."

"డాక్టరుకు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను.

"ఇప్పుడే ఫోన్ చెయ్యి."

బస్సు నిండా జనం. ఫోన్లో గొణిగాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, "గట్టిగ చెప్పు. బస్సు మోతకు అవతలోల్లకు ఇనవడదు" అంది.

"భయానికి ఏసుకునే గోలీలు బందు పెట్టిన డాక్టర్. ఇప్పుడు పానం పోతదేమో అనిపిస్తుంది" అని అరిచాను.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. నా పరువు పోయిందనుకున్నాను. అతను చేయి చాచి, గాలి తగిలేలా నా కిటికీ అద్దం జరిపి, మళ్లీ ముందుకు తిరిగాడు.

మందు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరు చెప్పిందంతా నేను విన్నాక, పెద్దమ్మ నా చేతిలో ఒక ఆకు పెట్టి కొత్తకోటలో దిగిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో గ్యాస్ మాత్రల డబ్బాలో గ్యాస్ మాత్రలే ఉంటాయి.