నేపర్‌విల్ డాక్టరుగారి రీలోడింగ్ ప్రెస్సు

నేను రిటైరై మూడేళ్ళు దాటింది. అంతకు ముందు సంవత్సరం అక్టోబరు నెలాఖరున, ఒక శనివారం, కంపెనీ నన్ను చికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఒక కస్టమర్ ఇంటికి పంపింది. అప్పుడు నా హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. మా కంపెనీ రీలోడింగ్ ప్రెస్సులు తయారుచేసేది. పేలిపోయిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి తొడుగును మళ్ళీ తూటాగా మార్చే యంత్రమది. పాత ప్రైమర్ ఊడగొట్టి కొత్తది బిగిస్తుంది, కొలిచిన తుపాకిమందు పోస్తుంది, పైన గుండు కూర్చోబెడుతుంది. ప్రైమర్ అంటే తూటా అడుగున ఉండే చిన్న బిళ్ళ, దెబ్బ తగలగానే నిప్పు పుట్టించేది. పిడి ఒకసారి లాగితే కింద పళ్ళెం ఒక గడి తిరిగి, ఒక తూటా తయారై బయటికొస్తుంది. ఇలాంటి ప్రెస్సును బేస్‌మెంట్‌లో బిగించుకుని, ఆదివారాలు తీరిగ్గా తూటాలు చేసుకునేవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో మనవాళ్ళూ చేరారు.

మా సర్వీసు విభాగంలో మూడు అంచెలుండేవి. మొదటి అంచెవాళ్ళు ఫోనెత్తి ప్రశ్నల పట్టిక చదువుతారు. రెండో అంచెవాళ్ళు విడిభాగాలు పంపుతారు. ఈ ఇద్దరినీ తిట్టి దాటి వచ్చిన కస్టమర్లు మూడో అంచెకు, అంటే నాకు, దక్కుతారు. నిజానికి ప్రెస్సుకొచ్చే జబ్బులు నాలుగైదే. పళ్ళెం గడి తప్పుతోందంటే నడిమి బోల్టు వదులైందన్నమాట. ప్రైమర్ పైకి పొడుచుకొచ్చిందంటే అడుగున మసి చేరి ఉంటుంది, లేకపోతే పిడిని చివరిదాకా నొక్కి ఉండరు. మందు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడుతోందంటే పిడిని ఒకే తీరుగా లాగడం లేదు. కస్టమర్‌కి తిన్నగా లాగడం చేతకాదు అని రాయకూడదు కాబట్టి రిపోర్టులో 'వాడుకలో లోపం' అని రాసేవాళ్ళం.

ఆ శనివారం నేను వెళ్ళింది ఒక గుండె డాక్టరుగారి ఇంటికి. గుంటూరు వైపు మనిషి. అమెరికా వచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. మొదటిసారి ఫోన్లో మాన్యువల్ చదివారా అని అడిగితే, "నేను బోర్డు ఎగ్జామ్స్ రాసినవాణ్ణండీ, మీ మాన్యువల్ నాకో లెక్కా?" అన్నారు. మందు సరిగ్గా పడటం లేదన్నది ఆయన ఫిర్యాదు. పిడి ఎలా లాగాలో చెప్పి, ఫిర్యాదు మూసేశాను.

పది రోజులకు మళ్ళీ ఫోను. ఈసారి అలారం ఆగకుండా మోగుతోందట. ప్రతి తొడుగులోకీ ఒక చిన్న కడ్డీ దిగి, మందు మట్టం చూస్తుంది. తక్కువైనా ఎక్కువైనా బజర్ మోగుతుంది. ఏడాదిపాటు బాగా నడిచిన యంత్రం, ఈ మధ్య ఏమైనా మార్చారా అని అడిగాను. ఏమీ మార్చలేదన్నారు. అలాగైతే అలారమే గాడి తప్పి ఉంటుంది, దాని బ్యాటరీ తీసేసి నడపండి అన్నాను. డాక్టరుగారు నా సలహా తు.చ. తప్పకుండా పాటించింది ఆ ఒక్కసారే.

మూడోసారి ఆయన ఫోను చెయ్యలేదు. యంత్రమే చెడ్డదని మా వైస్ ప్రెసిడెంటుకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. దాని ఫలితమే నా ప్రయాణం. మర్నాడు ఆదివారం క్లబ్బులో పిస్టల్ పోటీ ఉంది. చికాగోలో ఉద్యోగం చేస్తున్న ఆయన కూతురు నిత్య అందులో పాల్గొంటోంది. ఆమె కాల్చబోయే తూటాలన్నీ అలారం పీకేశాక ఈ ప్రెస్సు మీద చేసినవే.

బేస్‌మెంట్‌లో ప్రెస్సు అద్దంలా మెరుస్తోంది. చుట్టమొస్తే ఇల్లు సర్దినట్టు, నేనొస్తున్నానని డాక్టరుగారు దాన్ని తుడిచి పెట్టారు. బోల్టులు చూశాను, పళ్ళెం చూశాను, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఎలక్ట్రానిక్ తక్కెడ పెట్టి, పిడి నేనే లాగుతూ, పడిన మందు తూచాను. తొమ్మిదిసార్లు ఒకే తూకం. పదోసారి సగమే పడింది. చెయ్యి నాది కాబట్టి వాడుకలో లోపమని రాయడానికి వీల్లేకపోయింది.

ఏమైనా మార్చారా అని మళ్ళీ అడిగాను. డాక్టరుగారికి కోపం వచ్చింది.

"మూర్తిగారూ, డాక్టర్ దగ్గర ఏదీ దాచొద్దని రోజూ పేషెంట్లకి క్లాసు పీకేవాణ్ణి. నేను దాస్తానా? మీ మెషీన్ డిఫెక్టివ్, అంతే."

అప్పుడే నిత్య పిస్టల్ పెట్టె పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. "అంకుల్, మార్నింగ్ ప్రాక్టీస్‌లో ఒక షాట్ వియర్డ్‌గా వచ్చింది. బ్యాంగ్ లేదు, జస్ట్ పాప్ అంది. నేను స్టాప్ చేశాను," అంది.

"ఏం లేదండీ, దీనికి భయం," అన్నారు డాక్టరుగారు. "స్లైడ్ లాగి నెక్స్ట్‌ది కాల్చవే అన్నాను. వింటేనా? అందరి ముందూ నాతో ఆర్గ్యుమెంటు."

స్లైడ్ అంటే పిస్టల్ పైభాగం, దాన్ని వెనక్కి లాగి వదిలితే తర్వాతి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. పిస్టల్ తీసుకుని, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని, సన్నటి ఇత్తడి కడ్డీని గొట్టంలోకి జార్చాను. సగంలో ఆగిపోయింది. మందు చాలక గుండు బయటికి పోలేదు, గొట్టంలోనే బిగుసుకుపోయింది. దాని వెనక ఇంకో తూటా పేలిస్తే గొట్టం చీలిపోతుంది. పట్టుకున్న వేళ్ళకూ, గురిచూస్తున్న కంటికీ దిక్కుండదు. ఈ మాట మెల్లగానే చెప్పాను. 

నిత్య తండ్రి వైపు తిరిగింది. "డాడీ, అంకుల్‌కి పూజ గురించి చెప్పావా?"

"అది ఇర్రెలవెంట్ అమ్మా," అన్నారాయన నీరసంగా.

ఏ పూజ అని అడిగాను. అప్పుడు బయటపడింది. దసరాకి కొత్త కారు పూజకని గుడి నుంచి పంతులుగారు వచ్చారు. వచ్చిన పని అయిపోయింది కదా అని డాక్టరుగారు ఆయన్ని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి, ఇదీ ఆయుధమే, దీనికీ పూజ చెయ్యండన్నారు. పంతులుగారు ప్రెస్సుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మూతలు తెరవమన్నారు, ఆశీర్వచనం లోపలిదాకా వెళ్ళాలట. మందు పోసే డబ్బా అప్పుడు ఖాళీగా ఉంది. దాని మూత డాక్టరుగారే తీశారు. ఇంటిల్లిపాదీ మంత్రానికో గుప్పెడు అక్షింతలు వేశారు. పుణ్యం కొద్దీ గురి బాగా కుదిరింది. మర్నాడు ఆయన పైపైన వాక్యూమ్ చేసి, డబ్బాలోకి తొంగి చూడకుండా మందు నింపారు.

మరి నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు? "కాల్ రికార్డ్ అవుతుందని మీవాళ్ళు చెప్పారు కదండీ. అమెరికన్లు వింటే ఏమనుకుంటారు?" అన్నారు. బొట్లు కూడా ఆ సిగ్గుతోనే తుడిచేశారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే.

డబ్బా విప్పి కాగితం మీద బోర్లించాను. మందుతోపాటు పచ్చటి బియ్యం రాలాయి. నెయ్యి కలిపిన అక్షింతలేమో, ఉండలు కట్టాయి. కొలత పట్టే పలక ముందుకీ వెనక్కీ జరుగుతూ కొన్ని గింజల్ని నూకలు చేసింది. కొలిచే రంధ్రంలో నూక కూర్చున్నప్పుడల్లా ఆ మేరకు మందు తగ్గింది. అలారం గాడి తప్పలేదు. మోగినన్నాళ్ళూ అది నిజమే చెప్పింది. దాని నోరు నొక్కించినవాణ్ణి నేను.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం కూర్చుని ఆ తూటాలన్నీ విప్పాం. అందుకొక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది. తూటాను అందులో బిగించి నేలకేసి కొడితే గుండు ఊడి వస్తుంది. కొన్నిట్లో మందు సగమే ఉంది. రెండింట్లో నూక కూడా కనిపించింది. గొట్టంలోని గుండును నేనే నెమ్మదిగా వెనక్కి తట్టి తీశాను.

చివర్లో నిత్య, పిస్టల్‌లో తూటాలు పేర్చే మ్యాగజీన్‌లోంచి తీసి ఉంచిన ఒక తూటా విడిగా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది మ్యాగజీన్‌లో టాప్‌లో ఉంది అంకుల్. నేను షూట్ చేసుంటే, ఇదే నెక్స్ట్."

విప్పి తూచాను. మందు నిండుగా, గీత గీసినట్టు సరైన కొలతకు ఉంది.

"అంటే ఇది మంచిదేగా?" అన్నారు డాక్టరుగారు ఆశగా.

"డాడీ, అదే ప్రాబ్లం," అంది నిత్య.

ఇరుక్కున్న గుండు వెనక ఆ నిండు మందు పేలి ఉండేదని ఆయనకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత లేచి పైకి వెళ్ళిపోయారు. నేను బయల్దేరేదాకా మళ్ళీ కిందికి రాలేదు. మర్నాటి పోటీకి నిత్య కొట్లో కొన్న తూటాలతో వెళ్ళింది.

సోమవారం ఆఫీసులో జరిగినదంతా రాసి ఇచ్చాను, బ్యాటరీ తీయమన్న నా సలహాతో సహా. బియ్యాన్ని ఏ లోపం కింద చేర్చాలో మా కంప్యూటర్‌లో గడి లేదని రెండు మీటింగులు పెట్టారు. నేను అడిగింది ఒక్కటే, ప్రశ్నల పట్టికలో మార్పు. ఏమైనా మార్చారా అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు, ఎందుకంటే తాము చేసింది మార్పని వాళ్ళకు తోచదు, తోచినా చెప్పడానికి సిగ్గు. యంత్రం చివరిసారి సరిగ్గా నడిచాక దాని దగ్గరికి ఎవరెవరు వచ్చారు, ఏం చేశారు అని అడగాలి. అలారం మోగుతోందంటే, తప్పని రుజువయ్యేదాకా దాన్ని నమ్మాలి. నేను నేర్చుకున్నది ఇంతే. ఇది నేర్చుకోవడానికి నాకు ఆ ఉద్యోగంలో ఇరవై ఆరేళ్ళు పట్టింది. ఆ ఉదయం నిత్య చేతులు దక్కాయంటే అందులో నా అనుభవం చేసిందేమీ లేదు. ఇద్దరు పెద్దవాళ్ళు ఏమీ కాదని చెప్పిన విషయంలో ఆ అమ్మాయి తన చెవుల్ని నమ్ముకుంది. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను.