గంట మోగిన తర్వాత నలభై సెకన్లు

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెను కదలకమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా స్కానింగ్ గది అద్దానికి ఇవతల కూర్చుని, మైకులో రోజుకు నూరుసార్లు "కదలకండి" అనడమే ఆమె పని. ఇంట్లో భర్త కుర్చీలోంచి లేస్తూ, ఇక కదలొచ్చా అమ్మగారూ అని అడుగుతాడు. మునుపు ఆమె నవ్వేది. ఆరు నెలలుగా నవ్వడం లేదు.

పైఅంతస్తు డాక్టరుగారు ఒక పరిశోధన చేస్తున్నారు. పెద్ద ప్రమాదం నుంచి బయటపడినవాళ్లలో కొందరిని ఆ భయం ఏళ్లు గడిచినా వదలదు. అది గుర్తొచ్చినప్పుడు మెదడులో ఏ చోటు ఉలిక్కిపడుతుందో, ఏ చోటు మూగబోతుందో చూడాలి. అందుకని వాళ్ల కథను వాళ్ల గొంతుతోనే రికార్డు చేసి, యంత్రంలో పడుకోబెట్టి చెవుల్లో వినిపిస్తారు. చేతిలో ఒక రబ్బరు బంతి పెడతారు. భరించలేకపోతే నొక్కాలి. అద్దానికి ఇవతల గంట మోగుతుంది. మోగిన మరుక్షణం ఆపేయాలి. ఆ గదిలో అంతకు మించిన నియమం లేదు.

నూలు మిల్లు కార్మికుడొకాయన ఈ పరిశోధనకు వచ్చిన రోజున, ఆయనకు ముందు ముగ్గురు కదిలి ఫొటోలు పాడయ్యాయి. ఈయన మాత్రం రాయిలా పడుకున్నాడు. తెర మీద మెదడు, మంచులోంచి ఊరు తేలినట్టు, పొర తర్వాత పొరగా తేలుతోంది. స్కాను ముగియడానికి ఇంకా నలభై సెకన్లు ఉండగా గంట మోగింది.

ఆమె చెయ్యి మీట దాకా వెళ్లి ఆగింది.

"ఇంకొక్క నిమిషం అన్నా, కదలకండి," అంది మైకులో.

ఆయన కదల్లేదు. అయిపోయాక చెప్పులు వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. ఫొటో అద్దంలా వచ్చింది. డాక్టరుగారు మురిసిపోయి దాన్ని గోడకు అంటించారు. గంట సంగతి ఆమె చెప్పలేదు.

వారం తర్వాత, భద్రపరిచే ముందు ఆయన గొంతు రికార్డును మరోసారి పెట్టింది. అంతకుముందు పదిసార్లు విన్నదే, కానీ శబ్దం ఎక్కువైందా తక్కువైందా అని మాత్రమే. మాటలు వినడం అదే మొదలు.

"గదంతా పొగ. ఇంకొక్క నిమిషం, ఎవరూ కదలకండి, తాళంచెవి తెస్తున్నా అన్నాడు మేస్త్రీ. కదల్లేదు. పక్కన మా బావమరిది. వాడూ కదల్లేదు. వాడిక లేవలేదు."

ఆనాటి నుంచి గోడ మీది ఫొటో ముందు తేలు కుట్టిన దొంగలా నడిచింది. మెదడు నడుమ ఎర్రగా మెరిసే ఆ చిన్న మచ్చ ఎవరు పెట్టిన వాతో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆరు నెలలకు, రెండో స్కానుకు ఆ కార్మికుడు వస్తున్నాడని జాబితాలో చూసిన ఉదయం, నేరుగా డాక్టరుగారి గదికి వెళ్లి అంతా చెప్పేసింది. ఆయన లేచి ఫొటోను గోడ నుంచి తీశారు. దీన్ని పరిశోధనలోంచి తొలగించాలని, పైవాళ్లకు రాయాలని అన్నారు.

"ఆయనకు మాత్రం నువ్వే చెప్పాలమ్మా."

వరండా బల్ల మీద ఆ కార్మికుడి పక్కన కూర్చుని చెప్పింది. ఆయన ఒక్కటే అడిగాడు.

"మోగిందా?"

"మోగిందన్నా. నేనే ఆపలేదు."

ఆయన తన కుడిచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"నా వేళ్లలో పట్టు లేక మోగలేదనుకున్నానమ్మా. ఆరు నెలలుగా వీటినే తిట్టుకుంటున్నా. మా ఆవిడ సీసా ఇచ్చి మూత తియ్యమన్నా భయమే."

ఆ బంతి ఒకసారి ఇవ్వమన్నాడు.

యంత్రంలోకి వెళ్లలేదు. స్కానింగ్ గదిలో యంత్రం బల్ల అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుని నొక్కాడు. అద్దానికి ఇవతల గంట మోగింది. ఆమె కుర్చీలోంచి లేచి, తలుపు తీసుకుని ఆయన దగ్గరికి వచ్చింది. మళ్లీ వెళ్లి కూర్చోమన్నట్టు తల ఊపాడు. వెళ్లి కూర్చుంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ వచ్చింది.

క్షమించానని ఆయన అనలేదు. ఆమె అడగలేదు. ఆ రోజు స్కాను జరగలేదు. గంట మోగిన ప్రతిసారీ మాత్రం ఆమె లేచి వచ్చింది.