ఆగకుండా పోయిన ఓడ కోసం యారాడ దాకా

నేను పీజీలో చదివింది అంతర్జాతీయ నేర న్యాయం. చట్టం, చరిత్ర, మనస్తత్వశాస్త్రం కలిపి చెప్పేవారు. నడిసముద్రంలో చేపల పడవను గుద్ది ఆగకుండా పోయిన విదేశీ ఓడను ఎవరు విచారించాలి? ఇదీ నేను థీసిస్‌కి ఎంచుకున్న అంశం. మా గైడు పెదవి విరిచారు. "మనం చదివేది యుద్ధ నేరాలు, నరమేధాలు. ఒక్క మనిషి పోయిన ప్రమాదం ఇందులోకి ఎలా వస్తుందమ్మా?" అన్నారు. "గుద్దడం ప్రమాదమే కావచ్చు సార్. ఆగకపోవడం కాదు" అన్నాను. అంశం మార్చుకోవడానికి వారం గడువిచ్చారు. ఆ వారంలోనే, ఆ పడవవాళ్ల ఊరైన విశాఖ పక్కనున్న యారాడకి బయల్దేరాను.

పొద్దున్నే మద్దిలపాలెంలో సిటీ బస్సెక్కి, గంట పైగా కూర్చుని సింధియా దగ్గర దిగాను. అక్కణ్ణుంచి కొండ మీదుగా ఆటో. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒకవైపు హార్బరు క్రేన్లు, ఇంకోవైపు ఒక్కసారిగా సముద్రం. "బీచికేనా అమ్మా?" అన్నాడు డ్రైవరు. ఊళ్లోకి, నూకరత్నం ఇంటికి అన్నాను. అతను వేగం తగ్గించాడు. "దానయ్య పెళ్లాం కాడికా? పేపరోళ్లు రావడం మానేసి శానాళ్లయింది."

నూకరత్నం గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. పడవలో ఉన్న ఇద్దరిలో ఆమె మరిది ఈదుకుని బతికాడు. మొగుడు దానయ్య దొరకలేదు. నేను క్యాసెట్ రికార్డరు తియ్యగానే, "నువ్వేటి సేత్తావు?" అని నిలదీసింది.

"కోర్టుకి తీసుకెళ్లలేనక్కా. ఏ కోర్టు వినాల్సిందో, ఎందుకు వినలేదో రాస్తాను."

"రాయి. పోలీసోళ్లు మా నీళ్లు కావన్నారు. ఇంకో ఆఫీసులో ఓడ మీద జెండా ఏ దేశానిదో ఆ దేశాన్నడగమన్నారు. ఆ దేశానికి ఏ బస్సెక్కాలో మాత్రం సెప్పలేదు."

మధ్యాహ్నం దాకా మాట్లాడింది. ఒక్కసారీ ఏడవలేదు. లేచేముందు, థీసిస్‌లో మీ పేర్లు మార్చేస్తాను, అది మా నియమం అన్నాను. ఆమె చేతిలో వల ఆగింది.

"ఎందుకు మారుత్తావు? తప్పు సేసినోళ్లం మేవా? సిగ్గుంటే ఆ ఓడోళ్లని మార్సుకోమను. నా పెనిమిటి పేరు మాత్రం మార్సకు."

వెళ్లి గైడుకి అదే చెప్పాను. అంశమూ మార్చను, పేరూ మార్చను అన్నాను. యూనివర్సిటీ కమిటీ థీసిస్‌ని రెండుసార్లు తిప్పి పంపింది. మూడోసారి ఆమె మాటలు రికార్డయిన క్యాసెట్టు బల్ల మీద పెట్టి వినిపించాను. తర్వాత గైడే సంతకం పెట్టారు. దానయ్య పేరు మొదటి పేజీలోనే అచ్చయింది.

ఆ ఓడను ఇప్పటికీ ఎవరూ విచారించలేదు. నా థీసిస్ ఏ కోర్టునూ కదిలించలేదు. అయినా ఆ మనిషి లెక్కలోకి రాడన్న మాట ఇక నా ముందు ఎవరూ అనలేరు. అంటే ఒప్పుకోను.

యారాడ వెళ్లేవాళ్లు తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి, పొద్దు వాలాక కొండ మీదకి ఎవరూ రారు. ఇలాంటి పని మీద వెళ్తుంటే మాత్రం, పేరు దాచాలా వద్దా అన్నది మీరు తేల్చకండి. వాళ్లనడగండి.