సింగపూర్ దాకా పోయొచ్చే దెబ్బ

మా చిన్నప్పుడు... మిద్దె పైన కూర్చుని మేం ఫోన్‌లో తుపాకీ పేలిస్తే, ఆ దెబ్బ సింగపూర్ దాకా పోయి రావాలి!

నవ్వకండి... నిజమే. మేం ఆడే గేమ్ సర్వర్ సింగపూర్‌లో ఉండేది. మా ఊరేమో ఏర్పేడు దగ్గర మామిడి తోటల మధ్య. వేలితో నొక్కితే ఆ సంగతి ముందు టవర్‌కి, అక్కడి నుంచి చెన్నైకి, ఆ తర్వాత సముద్రం అడుగున సింగపూర్‌కి పోయి, మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. అసలు చిక్కంతా మొదటి మెట్టులోనే... మా ఊళ్ళో టవర్ సిగ్నల్ మిద్దె ఎక్కితే గానీ దొరికేది కాదు.

నేను తొమ్మిదో తరగతి. పెద్దమ్మ కూతురు రేవతక్క ఇంటర్. బడి నుంచి రాగానే అమ్మ ఫోను నేను, పెద్దమ్మ ఫోను అక్క పట్టుకుని మిద్దె ఎక్కేసేవాళ్ళం. అక్కడ ఎండబెట్టిన వడియాల చాటలు పక్కకు జరిపి, పిట్టగోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం.

పింగ్ అని స్క్రీన్ మూల ఒక అంకె కనిపించేది. మన దెబ్బ పోయి రావడానికి సెకనులో ఎన్ని వెయ్యో వంతులు పడుతుందో చెప్పే అంకె. తిరుపతి టౌన్‌లో వాళ్ళకు అరవై, డెబ్బై. మాకు మూడు వందలు... అదీ ఎర్రగా.

అంటే ఎదుటివాడు ఇప్పుడున్న చోటు మాకు కనిపించదు. రెప్పపాటు కిందట ఉన్న చోటు కనిపిస్తుంది. అక్కడ కాల్చామా... వాడు ఎప్పుడో దాటిపోయి ఉంటాడు. అందుకే వాడు ఎటు పరిగెడుతున్నాడో చూసి, నాలుగడుగులు ముందుకు గురిపెట్టి కాల్చడం నేర్చుకున్నాం.

ఎంత నేర్చుకున్నా గెలిచింది తక్కువే. తిరుపతి అబ్బాయి చరణ్ అని ఒకడు మమ్మల్ని తన టీమ్‌లో చేర్చుకున్నాడు. వారం తిరక్కుండానే మైకులో అరిచాడు.

"మేయ్, ఆడతా ఉండారా, నిద్రపోతా ఉండారా? మీ వల్ల మా ర్యాంకు పోతా ఉండాది!"

"నెట్ రాలేదప్పా..." అంది అక్క.

"ఆట రానోళ్ళంతా చెప్పే మాటే అది" అని మమ్మల్ని తీసేశాడు.

అక్క బాగా తిట్టింది. నాకు మాత్రం వాడన్నది నిజమేనేమో అని లోపల ఒక ముల్లు... నిజంగా నెట్‌దేనా తప్పు, నాకే ఆట రాదా? తేల్చుకునే దారి లేదు.

దారి దొరికింది. మా ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద కాలేజీ ఉండేది. అక్కడి కాలేజీ ఫెస్ట్‌లో మా గేమ్ పోటీ పెట్టారు... ఇద్దరిద్దరు జట్టు, బయటివాళ్ళూ రావచ్చు. నాయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడు. ఆ రోజు సెలవు కావడంతో మమ్మల్ని బండి మీద తీసుకెళ్ళాడు.

హాల్లో వైఫై కలపగానే పింగ్ నలభై! ఆకుపచ్చగా! అక్కా నేనూ ఒకరినొకరం గిల్లుకున్నాం.

చీటీలు తీస్తే మాకు మొదట ఎదురుపడ్డ జోడీ ఎవరో తెలుసా... చరణ్, వాడి స్నేహితుడు. మూడు ఆటల్లో రెండు గెలవాలి.

మొదటి ఆటలో ఘోరంగా ఓడిపోయాం. నా తూటా ఒక్కటీ తగల్లేదు. అయితే తప్పు నెట్‌ది కాదన్నమాట. నాదే.

వెనక నిలబడి చూస్తున్న నాయన వంగి అడిగాడు.

"అమ్మీ, వాడు ఈడ ఉంటే నువ్వు ఆడ కాలుస్తా ఉండావు, ఎందుకు?"

"ఇంటికాడ అట్ల కాలిస్తేనే తగుల్తాది నాయనా..."

నాయన నా భుజం తట్టాడు. "ఇంటికాడ మీ నెట్టు లోడు బండి, ముందుగానే బ్రేకు తొక్కాల. ఈడ నెట్టు ఖాళీ బండి అమ్మీ. తొక్కంగానే నిలబడతాది. వాడు యాడ కనపడితే ఆడే కొట్టు."

అక్కా నేనూ మొహాలు చూసుకున్నాం. ఇన్నాళ్ళ అలవాటు వేళ్ళలో ఉండిపోయింది, అంతే!

రెండో ఆట గెలిచాం. మూడో ఆటలో చరణ్ స్నేహితుడు అవుట్, అక్క అవుట్. మిగిలింది నేనూ చరణూ. వాడు గోడ చాటు నుంచి బయటికి పరిగెత్తాడు. నా వేలు అలవాటుగా ముందుకు జరగబోయింది... ఆపుకున్నాను. కనిపించిన చోటే కొట్టాను.

పడిపోయాడు.

అక్క కేకకు హాలంతా తిరిగి చూసింది. గేమ్‌లో మా పేర్లు చూసి గుర్తుపట్టిన చరణ్ మా దగ్గరికి వచ్చాడు. "బాగా ఆడినారు... అయితే అప్పుడు నిజంగా నెట్టేనా?"

"మొదట్నించీ అదే కదప్పా చెప్తా ఉండాం!" అంది అక్క.

కప్పు మాకు రాలేదులెండి. సెమీస్‌లో చిత్తూరు జట్టు చేతిలో ఓడిపోయాం. కానీ ఆ రోజు ఓడింది మేం, మా నెట్ కాదు. అంత హాయిగా నేనెప్పుడూ ఓడిపోలేదు. నాకు ఆట వచ్చు... ఆ మాట ఆ తర్వాత ఇంకెవరూ నాకు చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మా ఊరికి ఫైబర్ వచ్చింది. సర్వర్ కూడా మన దేశంలోకే వచ్చేసింది. మొన్న ఊరికెళితే పక్కింటి పిల్ల, గేమ్ అరక్షణం ఆగిందని విసుక్కుంటోంది... నాకు నవ్వొచ్చింది.

రేవతక్క చిత్తూరులో ఉద్యోగం, నేను తిరుపతిలో. ఎప్పుడైనా తీరిక దొరికి గేమ్ తెరిస్తే అంతా వేగమే, ఎక్కడా ఆలస్యం లేదు... అక్క పేరు పక్కన మాత్రం 'ఆఫ్‌లైన్' అని ఉంటుంది.

మీ జట్టులో మీ పక్కన ఎవరుండేవాళ్ళు? వాళ్ళ పేరు కింద కామెంట్లో రాయండి... వీలైతే ఈరోజే వాళ్ళకు ఒక ఫోన్ కూడా చేయండి.