గిర్నిలో పడ్డ విత్తనపు జొన్నలు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, చెన్నూరులో ఒక్క రోజున పూడ్చిపెట్టిన పిండి లెక్క ఇది. మా ఇంటిది నాలుగు కిలోలు. మా వెనక ఆడించుకున్న ఆరిళ్ళది వరుసగా ఐదు, ఎనిమిది, ఆరు, పది, మూడు, ఐదు. మొత్తం నలభై ఒక్క కిలోల జొన్నపిండి. పిండి ఆడించే మర, మా ఊళ్ళో గిర్ని అంటారు, నాలుగు రోజులు మూతపడింది. అన్నిటికీ కారణం నేనే.

అవ్వ కూలికి పోతూ జొన్నలు ఆడించుకు రమ్మంది. కుండ అడుగున కొద్దిగానే ఉన్నాయి. మూలన సంచిలో విత్తగా మిగిలిన జొన్నలు కనిపించాయి. పురుగు పట్టకుండా మందు పట్టించిన గులాబీ రంగు గింజలు. రంగు పోతే మామూలు జొన్నలే కదా అనుకుని, మూడు నీళ్ళలో రుద్ది కడిగి, ఎండబెట్టి కలిపేశాను. మధ్యాహ్నం కరెంటు రాగానే మొదట ఆడించుకున్నది నేనే. ఇంట్లో పిండి నిండుగా ఉందని గర్వపడ్డాను కూడా.

గిర్ని నడిపే ఆయన మా వాడకట్టు అందరికీ చాచా. గిర్నిలో ఎవరి పిండిలోనైనా ముందువారి పిండి గుప్పెడైనా కలుస్తుంది. అది తెలిసే అందరూ ఒకరి వెనక ఒకరు ఆడించుకుంటారు. నా వెనక ఆరుగురు వెళ్ళిపోయాక, గింజలు పోసే డబ్బా తుడుస్తుంటే చాచాకు అంచున ఇరుక్కున్న రెండు గులాబీ గింజలు దొరికాయి. మోటారు ఆపి, సైకిలెక్కి నేరుగా మా ఇంటికి వచ్చాడు. అవ్వ అప్పటికే పిండి తడిపి పెనం పెట్టింది. ఆయన అడగ్గానే ఏడుస్తూ ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. నా వెనక ఎవరెవరు నిలబడ్డారో గుర్తుందా అని అడిగి, నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకున్నాడు.

ప్రతి ఇంటి ముందూ ఒకటే మాట. "నా గిర్నిల మందు గింజలు పడ్డయి. గా పిండి తినకుండ్రి. నాకియ్యుండ్రి, గంతే జొన్నలు నేనిస్త." ఎవరు తెచ్చారని అడిగితే, గిర్ని నాది, తప్పు నాది అనేవాడు. మూడో ఇంటామె ఊరుకోలేదు.

"ఏం చాచా, గిర్ని నడుపుతున్నవా, ఎరువుల దుకాణం నడుపుతున్నవా?"

"గీ నాలుగొద్దులు రెండూ నడువయి చెల్లె."

చివరి ఇంట్లో చిన్న పిల్లవాడు అప్పటికే అర రొట్టె తిన్నాడు. చాచా వాణ్ణి భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. డాక్టరు చూసి ఏమీ కాదనేదాకా ఆయన బల్ల మీద కూర్చోలేదు.

పిండంతా గిర్ని వెనక లోతుగా గుంత తీసి పూడ్చి, మరంతా విప్పి శుభ్రం చేసేదాకా గిర్ని మూసేశాడు. ఆ పిండి పశువులకు కూడా పెట్టనివ్వలేదు. మా నాలుగు కిలోలకూ జొన్నలు కొలిచి ఇచ్చి, నాతో అన్నాడు:

"కడిగితే రంగు పోతది బిడ్డా, మందు పోదు. నువ్వు తెచ్చినవని నేను చెప్ప. పెద్దగైనంక నువ్వే చెప్పు. అప్పటిదాంక నేను మోస్త."

ఆ నెల సగం మంది వేరే గిర్నికి పోయారు. తర్వాత ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఎవరూ పట్టుకోకముందే తనంతట తాను వచ్చి చెప్పిన మనిషి దగ్గర పిండికి భయం లేదని అవ్వ అనేది. ఇప్పుడు అంగట్లో ఏ పొట్లం కొన్నా, దీని వెనక అలా ఇల్లిల్లూ తిరిగి చెప్పే మనిషి ఉన్నాడా అని ఆలోచిస్తాను.

చాచా పోయి చాలా ఏళ్ళైంది. ఆయన మోసిన మాటను దించడం నా వంతు. ఇప్పటికి నాలుగిళ్ళకు వెళ్ళి నిజం చెప్పాను. ఒకామె నవ్వింది. ఒకాయన చాయ్ తాగించే పంపాడు. అర రొట్టె తిన్న పిల్లవాడి ఇంటి ముందు రెండుసార్లు ఆగి, వెనక్కి వచ్చాను. ఆ ఇల్లూ, ఇంకొకటీ. బాకీ రెండిళ్ళు.