పెళ్లికూతురు ఎక్కాల్సిన కారు

ఆ రోజుల్లో లోకంలోని ఏ తగవునైనా హేతుబద్ధంగా తేల్చేయగలనని నాకు గట్టి నమ్మకం (ఊళ్లో వాళ్ల నమ్మకాలన్నీ ఖండించాక నాకు మిగిలింది అదొక్కటే). రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో చెల్లెలి పెళ్లి కుదిరింది. పురోహితుడూ ముహూర్తమూ అక్కర్లేదు, దండలు మార్చుకుంటే చాలని వాదించి ఇంటిల్లిపాదినీ ఒప్పించాను. మంత్రాలు వదులుకున్న పెద్దలు కారు దగ్గర మాత్రం బిగుసుకున్నారు. భవానీపురంలోని మా ఇంటి నుంచి గుణదలలోని కల్యాణమండపానికి పెళ్లికూతురు ఎవరి కారులో వెళ్లాలి? బాబాయిది అప్పుడే కొన్న ఎస్‌యూవీ. ఎక్కి కూర్చుంటే మిగతా బళ్లన్నీ బొమ్మల్లా కనిపించేవి. మావయ్యది ఎవరో అమెరికా నుంచి తెప్పించుకున్న పాత ఎర్రకారు. రెండే తలుపులు, మంచమంత బోనెట్, స్టార్ట్ చేస్తే వీధిలో కిటికీలు గలగలలాడేవి.

"అది కారు కాదు బావా, డాబా! ఎక్కడానికి మెట్లు కట్టించు" అనేవాడు మావయ్య. "మీదేమో నేల మీద పాకుతుంది. పెట్రోలు బంకువాళ్లు మీకు ఏటా బట్టలు పెట్టాలి బావగారూ" అనేవాడు బాబాయి. తీర్పరిని నేనే. ఇంజను బలంలో పాతది, గతుకుల్లో కొత్తది, అందంలో పాతది, ఏసీలో కొత్తది; ఎన్నిసార్లు మార్కులు వేసినా సమానమే. పెళ్లి రోజు ఉదయం రెండు కార్లూ పూలదండలతో ఇంటిముందు నిలబడ్డాయి. నేను అరుగెక్కి తుది వాదన మొదలుపెట్టాను. (జేబులో మండపంలో చేయాల్సిన ప్రసంగం ఉంది, స్త్రీ స్వేచ్ఛ మీద.)

పట్టుచీరలో చెల్లెలు బయటికొచ్చింది. "అన్నయ్యా, ఎక్కేది నేనేగా? ఒక్కసారైనా నన్నడిగావా?"

నేను అరుగు దిగాను. "సరే, ఏది ఎక్కుతావే?"

"ఎక్కడం కాదు, నడుపుతా" అని సంచిలోంచి లైసెన్సు తీసింది. కంప్యూటరు క్లాసని చెప్పి వెళ్లింది డ్రైవింగు స్కూలుకట! "ఎవరు తాళం ఇస్తే వాళ్ల కారే గొప్పది."

బాబాయి నసిగాడు. "కొత్తది కదమ్మా... వన్‌టౌన్‌లో తోపుడుబళ్లు గీసేస్తే..." బోనెట్ మీద అత్తయ్యని చెయ్యి కూడా వెయ్యనివ్వని మావయ్య, బాబాయి ముఖం చూసి తాళం విసిరాడు. "ఇందమ్మా! మన కారుకి అలాంటి భయాల్లేవు!" నా ఉపన్యాసాలకి ఏనాడూ విచ్చుకోని పిడికిలి పోటీకి క్షణంలో విచ్చుకుంది.

వెనకసీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించి నేనూ మావయ్యా కూర్చున్నాం. ఆయన దారిపొడవునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. వన్‌టౌన్ ఇరుకులో తోపుడుబండి అడ్డొచ్చి ఇంజను ఆగింది. బండతను తిట్టబోయి, స్టీరింగు దగ్గర పూలజడ చూసి, "పెళ్లికూతురండోయ్! జరగండి, జరగండి!" అని కేకేశాడు. వెనక బాబాయి ఎస్‌యూవీ హారను కొడుతూ మండపం దాకా మమ్మల్ని దాటలేకపోయింది. నా ప్రసంగం జేబులోంచి బయటికి రాలేదు.

ఇప్పుడు నాకూ ఒక ఎస్‌యూవీ ఉంది. స్త్రీ స్వేచ్ఛ గురించి మాట్లాడమని ఇప్పటికీ పిలుస్తుంటారు. బయల్దేరే ముందు చెల్లెలికి ఫోన్ చేసి, ఏం చెప్పమంటావని అడుగుతాను. "అడిగావుగా అన్నయ్యా, సగం ప్రసంగం అయిపోయినట్టే. మిగతా సగం తగ్గించు" అంటుంది. తగ్గిస్తున్నాను, ఆనాడు అరుగెక్కిన నాలోని కుర్రాడే ఇంకా ఒప్పుకోవడం లేదు.