తగ్గిన డెబ్బై ఎనిమిది యూనిట్లు

ఆయన్ని వీధిలో అందరూ వాచీల మాస్టారనేవారు. నలభై ఏళ్లుగా కంటికి భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మరలు విప్పి బిగించిన మనిషి. అలాంటివాడు కరెంటు బిల్లులో మాత్రం అడుగున ఉన్న అంకె తప్ప ఇంకేదీ చూసి ఎరగడు.

భార్య ఊపిరితిత్తులు మొరాయించాక ఇంట్లోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. మంచం పక్కన చేరి రాత్రింబవళ్లు గుర్రుమంటూ ఉండేది. దాని గొట్టం ఎంత పొడుగో ఆవిడ లోకం అంతే. వంటగది గడప దాకా అందేది, వీధి గుమ్మం దాకా అందేది కాదు. మొదటి నెల బిల్లు చూసి మాస్టారు కరెంటాఫీసుకు పరుగెత్తాడు.

కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఓపిక ఎక్కువ. పెన్ను మొనతో ఒక్కో వరుసా చూపించింది.

"అన్ని యూనిట్లకీ ఒకటే ధర కాదు పెద్దాయనా. మెట్లుంటాయి. కింది మెట్టు చవక. పైకెక్కేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. మీ మిషను మిమ్మల్ని పైమెట్టు ఎక్కించేసింది."

"ఈ స్థిర ఛార్జీ ఏంటమ్మా?"

"స్విచ్చి వేసినా వెయ్యకపోయినా కట్టాల్సింది."

"మరి ఈ సర్దుబాటు?"

"రెండేళ్ల కిందట కరెంటు కొన్న ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది. ఆ తేడా ఇప్పుడు వసూలు చేస్తున్నారు."

"అప్పుడు మేం ఆ ఇంట్లో లేమే."

"మీటరు ఉందిగా."

ఏ మర ఎక్కడ పట్టేసిందో తెలిసింది, విప్పే వీలు మాత్రం లేదు. మాస్టారు ఇంటికొచ్చి విన్నదంతా భార్యకు పూసగుచ్చినట్టు చెప్పాడు. మిషనొక్కటే రోజుకు ఎనిమిది యూనిట్ల పైన తాగుతోందని లెక్కగట్టి మరీ చెప్పాడు. ఆవిడ ఊ కొట్టింది.

రెండో నెల మూడు వందల నలభై యూనిట్లు. మూడో నెల రెండు వందల అరవై రెండు. మాస్టారు షాపులో ఆ కాగితం చూసుకుని మురిసిపోయాడు. కాసేపటికి చేతిలో పని ఆగిపోయింది. ఫ్రిజ్ అదే, ఫ్యాను అదే, లైట్లు అవే. మరి తగ్గిందెక్కడ? బిల్లు వెనకవైపు లెక్క వేశాడు. మిషను రోజుకు ఏడు గంటలకు పైగా ఆగితే తప్ప అన్ని యూనిట్లు తగ్గవు. తను షాపులో ఉండేది ఎనిమిది గంటలు.

షట్టరు సగం దించి ఇంటికి నడిచాడు. మధ్యాహ్నం పన్నెండు. మిషను చప్పుడు లేదు. ఆవిడ వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. మాస్టారు ముందు స్విచ్చి వేసి, ఆవిణ్ణి నడిపించుకొచ్చి ముక్కుకు గొట్టం తగిలించాడు. తర్వాత అడిగాడు.

"ఎప్పట్నించి?"

"రెండో బిల్లు వచ్చినప్పట్నించి. మీరటు వెళ్లగానే ఆపేస్తున్నా. వచ్చే వేళకి వేస్తున్నా."

"డబ్బు కోసం ప్రాణం తీసుకుంటావటే?"

"డబ్బు కోసమేనండీ, మొదట్లో." ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "తర్వాత గుమ్మం దాకా వెళ్లడం అలవాటైపోయింది. వచ్చేపోయే వాళ్లని చూస్తుంటే నేనూ మనిషిననిపించేది."

మాస్టారు గొట్టం సర్దుతూ తన్ను తాను తిట్టుకున్నాడు. తనే కదా యూనిట్ల లెక్క నేర్పింది.

నెలాఖరుకు షాపు ఖాళీ చేశాడు. మిగిలిన ఆ అద్దె బిల్లుకి సరిపోయింది, కానీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చే గిరాకీ సగమే. బల్ల తెచ్చి మంచం ఎదురుగా వేసుకున్నాడు. పొద్దస్తమానం ఇద్దరూ ఆ గదిలోనే. "మిషను కాపలా చాలదని మీరొకరా" అని ఆవిడ అప్పుడప్పుడూ విసుక్కునేది. ఆయన మరలు బిగించుకుంటూ ఉండేవాడు.

వారానికోసారి విడిభాగాలు కొనడానికి వెళ్లక తప్పేది కాదు. తిరిగి రాగానే ముందు మీటరు మీద అంకె చూసి, తర్వాత ఆవిడ మొహం చూసేవాడు. ఆ చూపు ఆవిడకు తెలుస్తూనే ఉండేది. తెలియనట్టు అటు తిరిగి పడుకునేది.